14 యాంపుల్స్: నోట్సు చెప్పడం మానుకోవాలని చూసిన ఒక సెమిస్టర్

లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సు అడిగింది చిన్న ప్రశ్న. "మ్యాగ్‌సల్ఫ్ లోడింగ్ డోస్‌కి ట్రే సర్దమ్మా. ఎన్ని యాంపుల్స్ తీస్తావు?"

మ్యాగ్‌సల్ఫ్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, బి.పి. పెరిగిన గర్భిణికి ఫిట్స్ కోసం ఇచ్చే మందు. లోడింగ్ డోస్ అంటే మొదట ఇచ్చే పెద్ద మోతాదు, యాంపుల్ అంటే మందు ఉండే చిన్న గాజు బుడ్డి. నా స్టూడెంట్ నోరు తెరవలేదు. బి.పి. పెరిగి, కాళ్లు ముఖం వాచి, తలనొప్పితో వచ్చిన గర్భిణి పక్క గదిలో ఉంది. తొందర ఉంది కాబట్టి సిస్టర్ ఆగలేదు, తనే యాంపుల్స్ తీసుకుని వెళ్లిపోయింది. ఈ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. కాసేపటికి నా దగ్గరకొచ్చి, "డోస్ తెలుసు మేడమ్. 4 గ్రాములు ఐ.వి., 10 గ్రాములు ఐ.ఎం. అడిగితే చెప్పేదాన్ని. ఆవిడ యాంపుల్స్ అడిగారు" అంది.

నిజమే, తనకు డోస్ తెలుసు: ఐ.వి. అంటే నరంలోకి, ఐ.ఎం. అంటే కండలోకి. అంతకు ముందే ఇంటర్నల్ పరీక్షలో ఎక్లాంప్సియా (బి.పి. పెరిగి గర్భిణికి ఫిట్స్ రావడం) మీద ప్రశ్నకు మంచి జవాబు రాసింది. ఆ పేపర్ దిద్దింది నేనే. అండర్‌లైన్లు, టేబుల్, అంతా ముత్యాల్లాంటి రాత. ఆ జవాబులో ఏ అక్షరమూ తప్పు కాదు. ఆ జవాబుతో ట్రే మాత్రం సర్దలేం.

లెక్క పెద్దదేం కాదు. మా దగ్గర దొరికే యాంపుల్ మీద 50 శాతం, 2 మి.లీ. అని ఉంటుంది. 50 శాతం అంటే 100 మి.లీ.లో 50 గ్రాములు, అంటే 2 మి.లీ.లో 1 గ్రాము. ఐ.వి.కి 4 గ్రాములు కావాలంటే 4 యాంపుల్స్. అది 8 మి.లీ. అవుతుంది, దానికి 12 మి.లీ. కలిపి 20 మి.లీ. చేస్తే 20 శాతం ద్రావణం. ఐ.ఎం.కి ఒక్కో పిరుదులో 5 గ్రాములు, మొత్తం 10 యాంపుల్స్. అన్నీ కలిపితే 14. ఆరో తరగతి లెక్క. కానీ నేను క్లాసులో "4 గ్రామ్స్ ఐ.వి., 10 గ్రామ్స్ ఐ.ఎం." అని డిక్టేట్ చేశానే గానీ, ఒక్క యాంపుల్ కూడా వాళ్ల చేతిలో పెట్టి "చదవండి" అనలేదు. ఆ రోజు గోడకు ఆనుకోవలసింది నిజానికి నేను.

ఈ వ్యాసం ఆ తర్వాతి బ్యాచ్‌తో ఒక సెమిస్టర్ పాటు నేను చేసిన ప్రయత్నం గురించి. కోస్తాలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ, బి.ఎస్సీ. ఏడో సెమిస్టర్, మిడ్‌వైఫరీ రెండో పేపర్, క్లాసులో 60 మంది. ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. ఇందులో రోగుల వివరాలు ఏ ఒక్కరివీ కావు, చూసిన చాలా కేసుల్ని కలిపి కాగితం మీద తయారు చేసుకున్నవి. డోసులు కూడా క్లాసు కోసం రాసినవే. వార్డులో మీ ఆస్పత్రి ప్రోటోకాల్, డాక్టర్ ఆర్డరే చెల్లుతాయి.

మన క్లాసు ఎలా ఉంటుంది

నర్సింగ్ చదివిన ఎవరికైనా ఇది కొత్త కాదు. టీచర్ నోట్సు చెబుతుంది, పిల్లలు రాస్తారు. డెఫినిషన్, ఎటియాలజీ, క్లినికల్ ఫీచర్స్, మేనేజ్‌మెంట్, నర్సింగ్ కేర్. చివర్లో "ఎనీ డౌట్స్?" అంటే "నో మేడమ్" అని కోరస్. నేనూ అలాగే చదువుకున్నాను, అలాగే చెప్పాను. మా మేడమ్ చెప్పిన నోట్సులో కొన్ని వాక్యాలు నా నోట్సులోకి, అక్కడి నుంచి నా స్టూడెంట్ల నోట్సులోకి వచ్చాయని ఒకసారి పాత పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. పచ్చడి జాడీలాగా తరం నుంచి తరానికి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త బి.ఎస్సీ. నర్సింగ్ సిలబస్ సెమిస్టర్ల పద్ధతిలో, నైపుణ్యాలు కేంద్రంగా ఉంది. ఆ సిలబస్ టేబుల్స్‌లో ప్రతి యూనిట్‌కీ "ఎలా నేర్పాలి" అనే కాలమ్ ఉంది. రోల్ ప్లే, కేస్ చర్చ, సిమ్యులేషన్ అని అందులో రాసే ఉంది. మనం యూనిట్ పేరు చూస్తాం, గంటలు చూస్తాం, ఆ కాలమ్ మీదికి కన్ను వెళ్లదు. లెసన్ ప్లాన్‌లో మాత్రం శుభ్రంగా కాపీ చేస్తాం.

యాక్టివ్ లెర్నింగ్ అనే మాట వర్క్‌షాపుల్లో చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ చార్టులు, బెలూన్లు, ఐస్‌బ్రేకర్ ఆటలు గుర్తొచ్చేవి. అది కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: నేను జవాబు చెప్పేలోపు స్టూడెంట్ ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. తప్పైనా సరే. ఆటలున్నా లేకపోయినా సరే.

మొదటి రెండు వారాలు: అట్టర్ ఫ్లాప్

ముందు నాకు తోచింది అందరికీ తోచేదే. పాఠం వీడియో ముందు రోజే పంపి, క్లాసులో చర్చ పెడదామని. కూర్చుని రెండు వీడియోలు రికార్డు చేశాను, నా గొంతు నాకే నచ్చక మళ్లీ చేశాను. గ్రూపులో పెట్టాను. మర్నాడు క్లాసులో "చూశారా?" అంటే తలలు దించుకున్నారు.

కోపం వచ్చింది. ఒక అమ్మాయి భయపడుతూనే చెప్పింది: "హాస్టల్లో ఫోన్లు సాయంత్రం వార్డెన్ దగ్గర పెట్టేస్తాం మేడమ్. ఆదివారం మాత్రమే ఇస్తారు." అదే కాలేజీలో ఇన్నేళ్లుగా పనిచేస్తూ నాకు ఆ సంగతి తట్టలేదు. పైగా సగం మంది ఉదయమంతా వార్డు పోస్టింగ్‌లో నిలబడి, మధ్యాహ్నం క్లాసు విని, రాత్రి కేర్ ప్లాన్ రికార్డులు రాస్తారు. వీడియో చూసే టైమ్ ఎక్కడిది?

వీడియోలు మానేసి ఒక్క పేజీ జిరాక్స్ ఇచ్చాను. బొమ్మ ఒకటి, పది వాక్యాలు, కింద రెండు ప్రశ్నలు. అదీ చదవలేదు, చదివిన కొద్దిమంది మిగతావాళ్లకు జవాబులు కాపీ ఇచ్చారు. ఇక చదవడాన్ని కూడా క్లాసులోకే తెచ్చాను. మొదటి పది నిమిషాలు అందరూ నిశ్శబ్దంగా ఆ పేజీ చదవాలి, పుస్తకం మూసి చిన్న చీటీ మీద ఒక ప్రశ్నకు జవాబు రాసివ్వాలి. పేరు అక్కర్లేదు. యాక్టివ్ లెర్నింగ్ పుస్తకాలు దీన్ని ఒప్పుకోవేమో, ఇంటి దగ్గర చేయాల్సింది క్లాసులో చేయిస్తున్నానని. మా పిల్లల రోజు ఎలా ఉంటుందో తెలిశాక నాకు వేరే దారి కనబడలేదు.

కేసు విడతలుగా

మూడో వారం ఎక్లాంప్సియా యూనిట్ వచ్చింది. దీని మీదే ఎక్కువ పని పెట్టాను, కాబట్టి ఎక్కువగా రాసేదీ దీని గురించే.

ఒక కాగితం కేసు తయారు చేశాను. సమస్యను ముందు పెట్టి, దాని చుట్టూ చదువు నడపడం వైద్య విద్యలో పాత సంగతే. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ 1969 నుంచే ఆ దారిలో వెళ్లింది. నేను చేసిన చిన్న మార్పు ఏమిటంటే, కేసంతా ఒకేసారి ఇవ్వకుండా నాలుగు కవర్లలో పెట్టడం.

మొదటి కవర్లో ఇంతే: "తొలి కాన్పు. ఎనిమిదో నెల. అత్తగారు తీసుకొచ్చింది. రెండు రోజులుగా తలనొప్పి. 'నీళ్లు పట్టాయి, అందరికీ ఉండేదే' అంటోంది అత్తగారు. ఇప్పుడు నువ్వు ఏం చేస్తావు? మొదటి ఐదు నిమిషాల్లో చేసే మూడు పనులు వరసగా రాయి."

క్లాసు నిశ్శబ్దం. నిమిషం అయింది, రెండు నిమిషాలు అయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను ఆ రోజు చేసిన మంచి పని ఒకటుంటే ఇదే. "తెలుగులో రాయండి. తెలుగులోనే మాట్లాడుకోండి. పక్కనున్న అమ్మాయితో ముందు చర్చించండి" అన్నాను.

ఒక్కసారిగా గది సంతలా అయిపోయింది.

ఇది నేను ఊహించలేదు. పుస్తకాలు ఇంగ్లిష్, పరీక్ష ఇంగ్లిష్, కాబట్టి క్లాసులో మాటా ఇంగ్లిష్‌లోనే ఉండాలన్నది మా రూలు. ఆ రూలు వల్ల మా పిల్లలు ఆలోచించడం మానేసి, వాక్యం కూర్చుకోవడంలో పడిపోతున్నారు. "హెడ్ ఏక్ ఈజ్ ప్రెజెంట్ మేడమ్" దగ్గర ఆగిపోతారు. తెలుగులో వదిలితే, "అత్తగారు అలా అంటే మనం ఆవిడ మాట వినేసి ఊరుకుంటామా? ముందు బి.పి. చూడాలి" "బి.పి. ఒక్కటే చూస్తే ఎలా, కళ్లు మసకలు వస్తున్నాయా అడగాలి" "పొట్ట పైన నొప్పి ఉందేమో" "యూరిన్‌లో ప్రొటీన్" అని ఎగబడ్డారు. విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, సెమిస్టర్ మొదలైనప్పటి నుంచి నేను ఆమె గొంతు విన్నది లేదు, "మా ఊళ్లో దీన్ని గుర్రపువాతం అంటారు మేడమ్. మా పిన్నికి వచ్చింది. నోట్లో చెంచా పెట్టారు" అంది. నోట్లో చెంచా పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, గాలి ఆడేలా చూడాలని నేను చెప్పేలోపే వెనక బెంచీ చెప్పేసింది.

రెండో కవర్: బి.పి. 170/110, యూరిన్ ప్రొటీన్ పాజిటివ్, కళ్ల ముందు మెరుపులు. మూడో కవర్: డాక్టర్ మ్యాగ్‌సల్ఫ్ లోడింగ్ డోస్ రాశారు. ఎన్ని యాంపుల్స్?

చీటీలు పోగుచేసి అంకెలన్నీ బోర్డు మీద రాశాను. 4. 7. 8. 14. 28. ఒకరు 2 అని కూడా రాశారు. ఎవరి పేరూ లేదు. "ఇందులో ఒక్కటే కరెక్టు. మీ జవాబు కానిదాన్ని నమ్మిన వాళ్ల దగ్గరికి వెళ్లి వాదించండి" అన్నాను. 28 రాసిన వాళ్లు 2 మి.లీ.ని 1 మి.లీ. అనుకుని ఒక్కో యాంపుల్లో అర గ్రామే ఉందని లెక్కేశారు. 7 రాసిన వాళ్లు 1 మి.లీ.లోనే 1 గ్రాము ఉందనుకున్నారు. శాతం అంటే ఏమిటో ఇంటర్ బైపీసీ చదివిన పిల్లలకి తెలియదని కాదు. డోసు అనే మాట, శాతం అనే మాట వాళ్ల బుర్రలో వేరు వేరు గదుల్లో ఉన్నాయి, మధ్యలో తలుపు లేదు.

పావుగంట వాదన తర్వాత గది మొత్తం 14 దగ్గరకొచ్చింది. నేను బోర్డు మీద ఒక్క లెక్క కూడా చేయలేదు.

ఆ ఊపులో ఒకమ్మాయి అడిగింది, "ఫిట్స్ అంటే డయాజిపామ్ ఇస్తారు కదా మేడమ్, దీనికి మ్యాగ్‌సల్ఫే ఎందుకు?" పాతిక సార్లు ఈ పాఠం చెప్పాను, ఎవరూ అడగలేదు. 1995లో వచ్చిన ఎక్లాంప్సియా ట్రయల్‌లో డయాజిపామ్, ఫెనిటోయిన్ కంటే ఇదే మెరుగని తేలింది. ఫిట్స్ రాకముందే ఇస్తే ఆ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో మ్యాగ్‌పై ట్రయల్ చూపించింది, 10 వేల మందికి పైగా గర్భిణులతో, 33 దేశాల్లో. ఈ రెండూ చెప్పాను. మామూలుగా ఇలాంటివి చెబితే పెన్నులు పరుగెడతాయి. ఆ రోజు ఎవరూ రాసుకోలేదు, విన్నారు.

నాలుగో కవర్: నాలుగు గంటలు గడిచాయి. తర్వాతి 5 గ్రాముల ఇంజెక్షన్ టైమ్. శ్వాస నిమిషానికి 12. యూరిన్ బ్యాగ్‌లో నాలుగు గంటలకు 60 మి.లీ. మోకాలి రిఫ్లెక్స్ రావడం లేదు. ఇస్తావా, ఆపుతావా?

ఇక్కడ క్లాసు రెండుగా చీలింది. "ఆర్డర్ ఉంది, ఇవ్వాలి" అనేవాళ్లు ఎక్కువ. శ్వాస 16 కంటే తగ్గినా, యూరిన్ గంటకు 30 మి.లీ. కంటే తక్కువైనా, రిఫ్లెక్స్ పోయినా డోస్ ఆపాలని వాళ్ల నోట్సులోనే ఉంది. అవి మందు ఎక్కువైన గుర్తులు. విరుగుడుగా క్యాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము నెమ్మదిగా ఐ.వి. అని కూడా ఉంది. అయినా డాక్టర్ రాసిన దాన్ని నర్సు ఆపడమా అనే దగ్గర ఆగిపోయారు. అది తెలియకపోవడం కాదు, ధైర్యం చాలకపోవడం. దాన్ని పాఠం చెప్పి తీర్చలేమని అప్పుడే అనిపించింది.

ట్రే రోజు

మరుసటి వారం స్కిల్ ల్యాబ్. మా ల్యాబ్‌లో ఖరీదైన సిమ్యులేటర్లు లేవు. ఒక పాత బొమ్మ, ఒక చెయ్యి ఊడిన బొమ్మ. బొమ్మల మీద నర్సింగ్ నేర్పడం కొత్తేమీ కాదు. 1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రిలో మిసెస్ చేజ్ అనే నిలువెత్తు బొమ్మతో మొదలుపెట్టారు. చెయ్యి ఊడినా మా బొమ్మకు పిరుదులు ఉన్నాయి, మాకు కావలసింది అవే.

డిస్టిల్డ్ వాటర్ యాంపుల్స్ తెచ్చి, మీద మ్యాగ్‌సల్ఫ్ లేబుల్ అంటించి, పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో "క్లాసు కోసం" అని రాశాం. ఇది తప్పకుండా చేయండి. ల్యాబ్ యాంపుల్ ఒకటి ఏప్రన్ జేబులో పడి వార్డుకు వెళ్లిందంటే ఏమవుతుందో ఆలోచిస్తేనే భయం. క్లాసు అయ్యాక ఖాళీవి, వాడనివి లెక్కపెట్టి తీసుకునేదాన్ని.

ఐదుగురి జట్లు. "ట్రే సర్ది, ఐ.వి., ఐ.ఎం. రెండూ రెడీ చేయండి." అప్పుడు తెలిసింది నాకు కూడా ఒక సంగతి. 14 యాంపుల్స్ విరవడానికి ఎంత సేపు పడుతుందో ఏ పుస్తకమూ రాయదు. ఒక్కరే చేస్తే వేళ్లు కోసుకుంటారు, సిరంజిలో గాలి బుడగలు, చివరికి ఎన్ని లాగామో లెక్క తప్పుతుంది. మూడో జట్టు తమంతట తామే పని పంచుకుంది: ఇద్దరు విరవడం, ఒకరు లాగడం, ఒకరు గట్టిగా లెక్కపెట్టడం, ఒకరు రోగి దగ్గర ఉండి శ్వాస, రిఫ్లెక్స్ చూడటం. ఖాళీ యాంపుల్స్ పారేయకుండా కిడ్నీ ట్రేలో వరసగా పెట్టారు, చివర్లో లెక్క సరిచూసుకోవడానికి. ఆ చిట్కా నేను నేర్పింది కాదు. ఇప్పుడు మా ల్యాబ్‌లో అందరూ అలాగే చేస్తారు.

తర్వాత ఫోన్ కాల్. ఒక స్టూడెంట్ నర్సు, గది బయట నిలబడి నేను డ్యూటీ డాక్టర్. నాలుగో కవర్లోని పరిస్థితి చెప్పి డోస్ ఆపుతున్నానని చెప్పాలి. మొదటి అమ్మాయి, "సార్... పేషెంట్ ఒకసారి చూడండి సార్" అంది. "ఏమైంది?" అంటే, "ఏమో సార్, బాలేదు సార్." నేను కావాలనే విసుక్కుని ఫోన్ పెట్టేశాను. క్లాసు నవ్వింది, ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. అలా విసుక్కోవడం నా తప్పు, మొదటి సారికే అది అక్కర్లేదు. తర్వాత క్షమించమని అడిగాను.

ఎస్‌బార్ పద్ధతిని అందరూ పాఠంగా చదివే ఉన్నారు: పరిస్థితి, నేపథ్యం, అంచనా, ఏం కావాలి. అమెరికా నేవీలో పుట్టి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి అది. దాన్ని మా వాడుక భాషలోకి దించుకున్నాం. "సార్, లేబర్ రూమ్ నుంచి. మూడో బెడ్ పేషెంట్‌కి శ్వాస 12 ఉంది, మోకాలి రిఫ్లెక్స్ లేదు. లోడింగ్ డోస్ అయి నాలుగు గంటలైంది, యూరిన్ 60 మాత్రమే. మ్యాగ్నీషియం ఎక్కువైందనుకుంటున్నాను. తర్వాతి డోస్ ఆపాను. క్యాల్షియం గ్లూకోనేట్ రెడీగా పెట్టాను. మీరు వెంటనే రావాలి సార్." నాలుగో అమ్మాయి ఇది తడుముకోకుండా అనేసరికి ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆపాను" అనే మాట దగ్గర చాలామంది గొంతు తగ్గిపోతుంది. "ఆపమంటారా సార్?" అయిపోతుంది. ఆ ఒక్క మాటను ఒక్కొక్కరి చేత ఎన్నిసార్లు అనిపించానో.

ఫిర్యాదు

అంతా బాగా నడుస్తోందని నేను మురిసిపోతున్న రోజుల్లో ప్రిన్సిపల్ మేడమ్ పిలిచారు. "పిల్లలు వచ్చారమ్మా. మీరు పాఠం చెప్పడం లేదట. వాళ్లే మాట్లాడుకుంటున్నారట. పరీక్షకు నోట్సు లేవంటున్నారు. ఒక తండ్రి ఫోన్ కూడా చేశారు."

బాధ కలిగింది, ఇన్ని రాత్రులు కవర్లు తయారు చేసింది ఇందుకా అనిపించింది. తోటి టీచర్లలో ఒకావిడ, "నాకు ముందే తెలుసు. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. ఎక్లాంప్సియాకు రెండు గంటలు వేసుకున్న చోట నేను ఆరు గంటలు తీసుకున్నాను. ఆ గంటలు వేరే యూనిట్ల నుంచి వచ్చినవే. కొన్ని యూనిట్లు ఆ సెమిస్టర్లో మామూలుగా డిక్టేషన్‌తోనే లాగించాను.

తర్వాత చదివిన ఒక సంగతి కొంత ఊరట ఇచ్చింది. హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ స్టూడెంట్లను రెండు రకాల క్లాసుల్లో పెట్టి చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. తాము స్వయంగా లెక్కలు చేసి నేర్చుకున్న వాళ్లకు పరీక్షలో ఎక్కువ వచ్చింది. కానీ "నాకు బాగా అర్థమైంది" అని ఎక్కువగా చెప్పింది మాత్రం ధారాళమైన లెక్చర్ విన్నవాళ్లు. కష్టపడి నేర్చుకుంటుంటే నేర్చుకోనట్టే అనిపిస్తుంది. మా పిల్లలదీ అదే. కాకపోతే పిల్లలకు హార్వర్డ్ సంగతి చెబితే ఏం లాభం, వాళ్లకు నోట్సు కావాలి. యూనివర్సిటీ పరీక్షలో మార్కులు వేసేది కవర్లకు కాదు.

కాబట్టి రాజీకి వచ్చాను. ప్రతి క్లాసు చివరి పావుగంట "పరీక్షలో ఇలా రాయండి" అని ఆ రోజు చర్చనే హెడ్డింగుల కింద ఇంగ్లిష్‌లో రాయించాను. అంటే తెలుగులో తేల్చుకున్న దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడం. మొదట్లో అది ఓటమిలా అనిపించింది. రాను రాను అందులోనే ఎక్కువ నేర్చుకుంటున్నారని గమనించాను. తాము వాదించి గెలిచిన సంగతిని రాయడం వేరు, మేడమ్ చెప్పింది రాయడం వేరు. ఆ తర్వాత ఫిర్యాదులు రాలేదు.

చేయకూడనివి కొన్ని

గ్రూపులకు ఒక్కో ముక్క ఇచ్చి, వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పే పద్ధతి ఒకసారి పెట్టాను. ఒక గ్రూపు క్యాల్షియం గ్లూకోనేట్ డోస్ తప్పు చెప్పింది, చెప్పిన అమ్మాయి క్లాస్ టాపర్ కాబట్టి అందరూ నమ్మేశారు. అది నాకు వారం తర్వాత చీటీల్లో తెలిసింది. మందుల విషయంలో ఆ పద్ధతి మళ్లీ వాడలేదు. తప్పు చెప్పే స్వేచ్ఛ ఇవ్వాలి గానీ, ఆ తప్పు క్లాసు గడప దాటకముందే సరిచేయాలి.

రోల్ ప్లేలో అత్తగారి పాత్ర వేసిన అమ్మాయి టీవీ సీరియల్ అత్తలా రెచ్చిపోయింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, పాఠం గాలికి పోయింది. రెండోసారి పాత్రలకు కాగితం మీద మూడు వాక్యాలు రాసిచ్చాను. అంతకు మించి మాట్లాడకూడదని. అయినా నవ్వారు.

ఒక సంగతి ఇంకా తేలలేదు. వాదించే పిల్లలు వాదిస్తున్నారు, కొందరు చీటీ రాసి కూర్చుంటున్నారు. జతగా పెట్టినా ఒకరే మాట్లాడతారు. నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన నేర్చుకోవడం లేదని నేను అనుకోను. ఎలా పట్టుకోవాలో మాత్రం తెలియడం లేదు.

14 కూడా బట్టీయే

సెమిస్టర్ చివర ఓస్కీ పెట్టాం. స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్ అనే వైద్య అధ్యాపకుడు 1975లో మొదలుపెట్టిన పరీక్ష పద్ధతి అది. గంట కొడితే ఒక్కో స్టేషన్ దగ్గరకు వెళ్లి, ఇచ్చిన నిమిషాల్లో పని చేసి చూపించాలి. ఒక స్టేషన్ మ్యాగ్‌సల్ఫ్ ట్రే. అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. కారిడార్‌లో "14, 14" అని గుసగుసలు వినబడుతున్నాయి.

అది విని నాకు ఒళ్లు జలదరించింది. నోట్సులోని "4 గ్రామ్స్, 10 గ్రామ్స్" స్థానంలోకి ఇప్పుడు "14" వచ్చి కూర్చుంది. అంతే తేడా.

పరీక్షకు ముందు రోజు రాత్రి స్టేషన్ మార్చాను. కేస్ షీట్‌కి ఒక రిఫరల్ స్లిప్ పిన్ చేశాను. అందులో పి.హెచ్.సి. నుంచి రాసి ఉంది: మ్యాగ్‌సల్ఫ్ 10 గ్రాములు ఐ.ఎం. ఇచ్చాం, టైమ్ ఉదయం 9.40. మన దగ్గర పి.హెచ్.సి.లో మొదటి డోస్‌గా ఒక్కో పిరుదులో 5 గ్రాములిచ్చి పెద్దాస్పత్రికి పంపడం మామూలే. దాన్ని చూడకుండా ఇక్కడ మళ్లీ పూర్తి లోడింగ్ డోస్ ఇస్తే ఏమవుతుందో నాలుగో కవర్లో చూసే ఉన్నారు. స్టేషన్ ప్రశ్న మాత్రం మార్చలేదు: లోడింగ్ డోస్‌కి ట్రే సర్దు.

చాలామంది 14 యాంపుల్స్ చకచకా పెట్టేశారు. వేళ్లు కోసుకోకుండా, ఖాళీవి వరసగా పెట్టి, గట్టిగా లెక్కపెట్టి, ఎంతో ముచ్చటగా. స్లిప్ తిప్పి చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లలో కొందరు చూసి కూడా సర్దేశారు, మేడమ్ సర్దమంది కదా అని. ఆగి, "10 గ్రాములు అక్కడ ఇచ్చేశారు మేడమ్. నేను సర్దను, ముందు డాక్టర్‌కి ఫోన్ చేస్తాను" అన్నవాళ్లు మరీ తక్కువ. అలా అన్న మొదటి అమ్మాయి ఎవరో చెప్పనా? క్లాసులో గుర్రపువాతం అన్న అమ్మాయి. వాళ్ల పిన్నిని కూడా ఇలాగే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపారట.

ఈ బ్యాచ్ పాత బ్యాచ్ కంటే ఎంత మెరుగని అడిగితే నా దగ్గర పోల్చి చూపించే లెక్క లేదు. కొలవాలని ముందే అనుకోలేదు, పాత బ్యాచ్‌కి ఇదే స్టేషన్ పెట్టలేదు. ఈసారి సెమిస్టర్ మొదట్లోనే ఒకసారి, చివర ఒకసారి అదే స్టేషన్ పెట్టాలనుకుంటున్నాను, స్లిప్‌తో సహా. ఓస్కీ అయిన రోజే అందర్నీ కూర్చోబెట్టి, స్లిప్ బోర్డుకు అంటించి, ఎవరు ఏం చేశారో పేర్లు లేకుండా మాట్లాడుకున్నాం. గంటన్నర పట్టింది. ఆ సెమిస్టర్ మొత్తంలో నా ఉద్దేశంలో అసలు పాఠం జరిగింది ఆ గంటన్నరే, అదీ పరీక్ష అయిపోయాక.

ఇంటర్న్‌షిప్ మొదలైన నెలలో లేబర్ రూమ్‌కి వెళ్లాను. అదే స్టాఫ్ నర్సు డ్యూటీలో ఉంది. "మీ పిల్లలు ఈసారి మహా విసిగిస్తున్నారు మేడమ్" అంది, నవ్వుతూనే. "నిన్న ట్రే సర్దమ్మా అంటే, 'రిఫరల్ స్లిప్ ఏది సిస్టర్?' అని నన్నే అడుగుతోంది ఒకమ్మాయి."

"స్లిప్ ఉందా మరి?" అన్నాను.

"ఉంది. ఆవిడ భర్త జేబులో."